మీకు తెలుసా? చెవి నొప్పి దవడది కావచ్చు!

  చాలామందిని ఒకే నొప్పి తికమకపెడుతుంది: చెవి ముందు సలుపు, నమిలితే ‘టక్’మనే చప్పుడు.

దానికి మూలం దవడ కీలు. తలుపు బందులా తిరుగుతూనే ముందుకూ జారుతుంది. మధ్యలో మెత్తని పలక ఉంటుంది. అది స్థానం తప్పితే చప్పుడు వస్తుంది. నిద్రలో పళ్లు కొరకడం, మానసిక ఒత్తిడి, దెబ్బలు, కీళ్లవాతం నొప్పికి దారితీస్తాయి.

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కోస్టెన్ చెవి బాధలను ఈ కీలుతో ముడిపెట్టారు.

నోరు పూర్తిగా తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయా? పట్టకపోతే దంతవైద్యుణ్ణి కలవాలి. వక్క, గుట్కా అలవాటున్నవారు అసలు ఆలస్యం చేయకూడదు. వాటివల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు బిగుసుకుంటుంది, అది క్యాన్సర్‌కూ దారితీయవచ్చు.

కీలు నొప్పి చాలామందికి మెత్తని తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, రాత్రి పళ్లకు తొడిగే ప్లాస్టిక్ తొడుగుతో తగ్గుతుంది. శస్త్రచికిత్స కొద్దిమందికే అవసరం.