మీ భూమి రికార్డు మీరే చూసుకోండి, నకలు మీరే అడగండి: కోట ప్రాంత రైతులకు సూచనలు

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు మన ప్రాంతంలో నారుమళ్లు, కొత్తగా నాటిన వరి కయ్యలు మునిగిపోయాయి. నష్టం జాబితాలు వేసే రోజుల్లో ఒక రైతు నా దగ్గరకు వచ్చారు. రెండెకరాల నలభై సెంట్లు సొంతంగా సాగు చేస్తున్నారు. జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. విషయం ఏమిటంటే, తండ్రి పోయాక అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు భాగాలు పంచుకున్నారు గానీ కాగితం మీద భూమి మొత్తం అన్న ఖాతాలోనే ఉండిపోయింది. ఈ-పంట కూడా అన్న పేరుతోనే నమోదైంది. ఆ అన్న చెన్నైలో ఉంటారు, వచ్చి వేలిముద్ర వేయలేదు. చివరకు ఇద్దరికీ ఏమీ రాలేదు.

ఆ రైతు అడిగిన మాట నాకు గుర్తుండిపోయింది: "ఇదంతా ముందే చూసుకోవచ్చా సార్?" చూసుకోవచ్చు. ఎక్కడ చూడాలో, ఎలా అడగాలో ఈ వ్యాసంలో చెబుతాను.

ఏ కాగితం దేనికి?

- 1-బి: భూమి ఎవరి హక్కులో ఉందో చెప్పే రికార్డు. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం కింద దీన్ని నిర్వహిస్తారు. మీ ఖాతా నంబరు, సర్వే నంబర్లు, విస్తీర్ణం ఇందులో ఉంటాయి.
- అడంగల్: గ్రామ లెక్క నంబరు 3. పట్టాదారు ఎవరు, అనుభవంలో ఎవరున్నారు, ఏ పంట వేశారు, నీటి వనరు ఏమిటి అన్నది ఇందులో చూడాలి. తెలంగాణలో దీన్నే పహాణీ అంటారు.
- ఆర్‌ఎస్‌ఆర్: రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. డైగ్లాట్ అని కూడా అంటారు. బ్రిటిష్ కాలం నాటి మూల రికార్డు ఇదే. భూమి ప్రభుత్వానిదా, పట్టాదా, పోరంబోకా అన్న వివాదం వస్తే అధికారులు ముందుగా తెరిచేది దీన్నే. పట్టాదారు పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములనే చుక్కల భూములు అంటాం.
- ఎఫ్‌ఎంబీ: మీ సర్వే నంబరు కొలతల పటం. గట్టు తగాదా వస్తే దీని నకలు కావాలి.
- ఈసీ: మీ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇస్తుంది. 1983 నుంచి వివరాలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి.
- 22-ఎ జాబితా: రిజిస్ట్రేషన్ చట్టం కింద అమ్మకాలు నిషేధించిన భూముల జాబితా. మీ నంబరు పొరపాటున ఇందులో చేరి ఉంటే, కూతురి పెళ్లికో వైద్యానికో అమ్మబోయిన రోజున గానీ తెలియదు. అవసరం రాకముందే చూసుకోండి.
- ఈ-పంట నమోదు: ఈ సీజన్‌లో ఏ నంబరులో ఏ పంట ఎవరి పేరుతో ఎక్కిందో రైతు సేవా కేంద్రంలో తెలుస్తుంది. బీమాకు, పంట నష్ట సాయానికి, ధాన్యం అమ్మకానికి ఇదే ఆధారం.

ముందు ఫోన్‌లో చూడండి

2015 నుంచి నడుస్తున్న మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1-బి, గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ చూడవచ్చు. సర్వే నంబరుతో గానీ, ఖాతా నంబరుతో గానీ వెతకవచ్చు. మీకు చేతకాకపోతే చదువుకున్న పిల్లలతో చూపించుకోండి.

మన దగ్గర ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనలో కోట మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. అందువల్ల ఒక్కో రికార్డు ఒక్కో జిల్లా పేరుతో కనిపిస్తుంది. ఒక జిల్లా కింద మీ ఊరు కనిపించకపోతే రికార్డే లేదని కంగారు పడవద్దు, రెండో జిల్లా పేరుతో వెతకండి. మండలాలు వచ్చింది 1985లో. అంతకు ముందు దస్తావేజుల్లో మండలం పేరు ఉండదు, తాలూకా పేరే ఉంటుంది. పాత కాగితం కోసం దరఖాస్తు చేసేటప్పుడు ఆ పాత పేరు కూడా రాయండి.

రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు వచ్చింది. అక్కడ రెండు నంబర్లూ ఒకచోట రాసి పెట్టుకోండి. మీ దస్తావేజులో ఉండేది పాత నంబరే. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి కలిపి ఒకే ఎల్‌పీఎం కింద వేశారు. అలా ఉంటే మీ వాటా విస్తీర్ణం సరిగా పడిందో లేదో తప్పకుండా చూడండి.

కాగితాలు పక్కపక్కన పెట్టి సరిచూడండి

దస్తావేజు, పాస్ పుస్తకం, 1-బి, అడంగల్ నాలుగూ ముందు పెట్టుకోండి. ఐదు విషయాలు చూడండి:

1. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటిపేరు ఆధార్‌తో సరిపోతున్నాయా?
2. సర్వే నంబరు, సబ్ డివిజన్ అన్నింటిలో ఒకటేనా?
3. విస్తీర్ణం సెంట్లతో సహా సరిపోయిందా?
4. భూమి స్వభావం మాగాణి, మెట్ట, అసైన్డ్, ప్రభుత్వ భూమి అన్న చోట సరిగా ఉందా?
5. అనుభవదారు కాలంలో మీకు తెలియని పేరు ఏదైనా ఉందా?

తేడా కనిపిస్తే ఆ పేజీ ప్రింట్ తీసి తేదీ వేసి ఉంచండి. ఫోన్‌లో తీసిన ప్రింట్ మీ అవగాహనకు మాత్రమే. బ్యాంకుకు, కోర్టుకు ఇవ్వాలంటే మీసేవలో గానీ, గ్రామ సచివాలయంలో గానీ దరఖాస్తు చేసి ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. రసీదు మీద ఉండే దరఖాస్తు నంబరు పోగొట్టుకోవద్దు.

పాత అడంగల్ కావాలంటే ఫసలీ లెక్క తెలియాలి

పాత అడంగళ్లను తహసీల్దార్ కార్యాలయంలో ఫసలీల వారీగా కట్టలు కట్టి ఉంచుతారు. ఫసలీ జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. జులై నుంచి డిసెంబరు వరకు అయితే ఇంగ్లీషు సంవత్సరంలో 590 తీసేయండి, జనవరి నుంచి జూన్ వరకు అయితే 591 తీసేయండి. 1985 మార్చి అంటే 1394 ఫసలీ. "ముప్పై ఏళ్ల కిందటిది" అని అడిగితే వెతికేవారికి దారి దొరకదు. "1400 నుంచి 1405 ఫసలీ వరకు" అని రాస్తే ఏ కట్ట విప్పాలో తెలుస్తుంది.

అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు

మామూలు దరఖాస్తుతో పని కానప్పుడు, లేదా రికార్డులో మార్పు ఎలా జరిగిందో తెలియాలన్నప్పుడు సమాచార హక్కు చట్టం, 2005 వాడండి. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కరలేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. రాయలేని వారు నోటితో చెప్పినా, దాన్ని రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి సాయం చేయాలి.

మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామస్థాయి కార్యాలయంలో లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. మామూలు సైజు జిరాక్సు పేజీకి 2 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు, కార్డు నకలు జతచేయాలి.

అడిగే తీరులోనే చాలామంది పొరపాటు చేస్తారు. "నా పేరు ఎందుకు తీసేశారు?" అని రాస్తే సమాధానం రాకపోవచ్చు. చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న రికార్డును. కాబట్టి ప్రశ్న వేయకుండా కాగితం అడగండి. ఇలా రాయవచ్చు:

*పౌర సమాచార అధికారి, తహసీల్దార్ కార్యాలయం వారికి,*
*సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.*
*...... గ్రామం, సర్వే నంబరు ...... కు సంబంధించి కింది నకళ్లు ఇవ్వగలరు:*
*1. ...... ఫసలీ నుంచి ...... ఫసలీ వరకు అడంగల్.*
*2. 1-బిలో ...... ఖాతాలో పేరు మార్చడానికి ఆధారమైన దరఖాస్తు, ఇచ్చిన నోటీసులు, విచారణ నివేదిక, ఉత్తర్వులు.*
*3. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఈ సర్వే నంబరు ఉన్న పేజీ.*
*సంబంధిత ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలుపగలరు.*
*పేరు, చిరునామా, తేదీ, సంతకం.*

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచుకోండి. మీరడిగిన రికార్డు వేరే కార్యాలయంలో ఉంటే, 5 రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపడం వారి బాధ్యత.

గడువులు గుర్తుంచుకోండి:

- దరఖాస్తు అందిన 30 రోజుల్లో సమాధానం రావాలి. జిరాక్సు ఖర్చు కట్టమని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపిన నాటి నుంచి మీరు కట్టేదాకా పట్టిన రోజులు ఈ లెక్కలోకి రావు.
- గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి.
- సమాధానం రాకపోయినా, సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. దీనిపై 30 రోజుల్లో, కారణాలు ఉంటే 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.
- అప్పటికీ కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

"రికార్డు దొరకడం లేదు" అని నోటితో చెబితే వెనుదిరగవద్దు. అదే మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. రాసి ఇచ్చిన కాగితం మీ అప్పీలుకు ఆధారం అవుతుంది.

నకలు వచ్చినంత మాత్రాన తప్పు సరికాదు

సమాచార హక్కుతో కాగితం దొరుకుతుంది, తప్పు దానంతట అది పోదు. సవరణకు తహసీల్దార్‌కు వేరే దరఖాస్తు పెట్టాలి. దొరికిన నకళ్లు దానికి జతచేయండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. హక్కు ఎవరిదన్న తగాదా ఉంటే మాత్రం అది సివిల్ కోర్టులో తేలాల్సిందే. అప్పుడు కూడా మీ చేతిలో ఉన్న పాత అడంగళ్లే మీకు బలం.

కౌలు రైతులకు

2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కుల పత్రం 11 నెలలకు. దీనివల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ లేదు. ఈ మాట యజమానికి నెమ్మదిగా వివరించి సంతకం తీసుకోండి. పత్రం ఉంటే ఈ-పంట మీ పేరుతో ఎక్కుతుంది.

తీర గ్రామాల వారు అదనంగా చూడాల్సినవి

కోట, చిల్లకూరు మండలాల్లో కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతం వస్తోంది. 2025 జనవరి 8న దానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల భూసేకరణ ప్రకటన వస్తే 2013 చట్టం ప్రకారం అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులే గడువు. ప్రకటన వచ్చాక రికార్డు దిద్దించుకోవడానికి పరుగెత్తితే ఆ గడువు చాలదు. పరిహారం చెక్కు రికార్డులో ఉన్న పేరు మీదే వస్తుంది.

పక్కన రొయ్యల చెరువు తవ్వి మీ కయ్యలోకి ఉప్పు ఊరుతుంటే, ఆ చెరువుకు అనుమతి ఉందా, ఏ సర్వే నంబర్లకు ఎంత విస్తీర్ణానికి ఇచ్చారు అన్న ఉత్తర్వుల నకలు మత్స్యశాఖ కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగవచ్చు. దానితోపాటు మీ పొలం మట్టి నమూనా పరీక్ష చేయించి చౌడు శాతం నివేదిక దగ్గర ఉంచుకోండి. రెండూ కలిస్తేనే ఫిర్యాదుకు బలం.

ఏడాదిలో రెండు రోజులు

జూన్‌లో ఒకరోజు 1-బి, అడంగల్, 22-ఎ చూసుకోండి. నాట్లు అయ్యాక మరో రోజు రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-పంటలో మీ పేరు, నంబరు, పంట, విస్తీర్ణం చూసి వేలిముద్ర వేయండి. జాబితా అతికించినప్పుడు తప్పుంటే అప్పుడే చెప్పండి, గడువు దాటాక మేము కూడా మార్చలేం.

మొదట చెప్పిన రైతు తర్వాత అన్నను పిలిపించి, భాగ పరిష్కార దస్తావేజు రిజిస్టర్ చేయించి, తన పేరున ఖాతా తెచ్చుకున్నారు. ఆ ఏడాది సాయం మాత్రం తిరిగి రాలేదు. మన తీరానికి తుపాన్లు మళ్లీ వస్తాయి. ఈలోగా మీ ఇంట్లో ఉన్న కాగితాల సంచి ఒకసారి విప్పి చూడండి.