అమ్మ బొజ్జ ఎందుకు పెరుగుతోంది?

"అమ్మా, చెల్లిని మింగేశావా?" మూడేళ్ల పిల్లలకు ఈ అనుమానం రావడం సహజమే.

మింగలేదర్రా! అన్నం వెళ్లే సంచి వేరు, పాపాయి పెరిగే సంచి వేరు. దాన్ని గర్భసంచి అంటారు. మామూలుగా అది అమ్మ పిడికిలంతే ఉంటుంది. ఊదేకొద్దీ బుడగ సాగినట్టు, పాపాయి ఎదిగేకొద్దీ అదీ సాగుతుంది. తొమ్మిది నెలలు నిండేసరికి దాదాపు 3 కిలోల పాపాయి, చుట్టూ ఉమ్మనీరు, అన్నీ అందులోనే!

మరి లోపల అన్నం ఎవరు పెడతారు? బొడ్డుతాడు ఉందిగా! ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లు తెచ్చే పైపులాంటిది. అమ్మ తిన్నదాంట్లోని సారం, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ దాని గుండానే అందుతాయి. మీ బొడ్డు ఆ తాడు ఊడిన గుర్తే.

అమ్మ ఒంట్లో నీరు పెరిగి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. అప్పుడు కాళ్ల కింద దిండు పెట్టండి. ఆరో నెల దాటాక పాపాయికి బయటి మాటలు వినిపిస్తాయి. బొజ్జ దగ్గర చేరి కబుర్లు చెప్పండర్రా!