పెట్రోలులో ఆయిల్ కలపాలా? ముందు ఇంజిన్ చూడండి

హోసూరు ఫ్యాక్టరీ నుంచి 1980లో టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. అప్పటి నుంచి పాల క్యాన్లు, కూరగాయల బస్తాలు, బడి పిల్లలు మోపెడ్ల మీదే తిరుగుతున్నారు. అయితే పాత ఎక్స్‌ఎల్ సూపర్ టూ స్ట్రోక్ బండి. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 ఫోర్ స్ట్రోక్. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, వాటి ట్యాంకుల్లో పోయాల్సింది ఒకటి కాదు.

తేడా ఎక్కడుంది? ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అడుగున ఆయిల్ విడిగా ఉంటుంది. అందుకే ట్యాంకులో వట్టి పెట్రోలు చాలు. సాధారణ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆ ఏర్పాటు లేదు. పెట్రోలుతో పాటు లోపలికి వెళ్లే టూటీ ఆయిలే పిస్టన్‌ను, బేరింగులను కాపాడుతుంది. వట్టి పెట్రోలు పోస్తే కాసేపటికే పిస్టన్ రాసుకుపోయి ఇంజిన్ సీజ్ అవుతుంది. మందు కొట్టే అదనులో పవర్ స్ప్రేయర్ ఇలా ఆగిపోతే రైతుకు రిపేరు ఖర్చే కాదు, పంట నష్టం కూడా. ఫోర్ స్ట్రోక్ ట్యాంకులో టూటీ ఆయిల్ కలిపితే పొగ వస్తుంది, ప్లగ్గుకు మసి పడుతుంది.

గుర్తుపట్టడం తేలికే. ఇంజిన్‌కు ఆయిల్ పోసే మూత, ఆయిల్ మట్టం చూసే పుల్ల విడిగా ఉంటే చాలావరకు అది ఫోర్ స్ట్రోక్. కొన్ని పాత టూ స్ట్రోక్ బైకులకు టూటీ ఆయిల్ కోసం వేరే చిన్న ట్యాంకు ఉంటుంది. వాటిలో ఆయిల్ అక్కడే పోయాలి. సందేహం ఉంటే బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

చిక్కు ఇక్కడే వస్తోంది. పుస్తకం, డబ్బా మీది రాత ఇంగ్లిషులో ఉంటాయి. మెకానిక్ మాట కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. తెలుగు బడిలో చదివే పిల్లలు ఇంట్లో పెద్దలకు ఇక్కడే అక్కరకొస్తారు. నిష్పత్తుల పాఠంలో ఉపాధ్యాయులు ఈ లెక్క ఇచ్చి చూడండి: 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. 25:1 అయితే 40. మరి 5 లీటర్లకు ఎంత? మొదటిదానికి 100, రెండోదానికి 200 మిల్లీలీటర్లు. ఏ నిష్పత్తి వాడాలో మాత్రం యంత్రం తయారుచేసిన కంపెనీ చెప్పాలి, అంచనా పనికిరాదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే దానితో కలిసి అడుగుకు దిగుతుంది. ఆయిల్ మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజిన్ అడుగునుంచి లాగేది ఆయిల్ లేని ఆ నీళ్లనే. కాబట్టి ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలపండి. సీజను ముగియగానే స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ చేయండి. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోసినా టూటీ ఆయిల్ కలపక తప్పదు. పుస్తకం అడగకపోతే ఆ ఖర్చు అనవసరం.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. లెక్క పిల్లలు కట్టవచ్చు, కలపడం మాత్రం పెద్దల పని. అది కూడా ఆరుబయట, పొయ్యికి దూరంగా, ఇంజిన్ చల్లారాక. పెట్రోలును మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ ఉంచకండి. దాహంతో వచ్చిన పిల్లవాడు రంగు చూసి ఆగడు.