అమ్మే... కానీ అమ్మ కాదట!

‘నువ్వు మా అబ్బాయివి కాదు. అచ్చం వాడిలాగే ఉన్నావంతే. నిజం చెప్పు, వాణ్ని ఎక్కడ దాచావు?’

కన్నతల్లి నోట ఈ మాట వింటే ఏ కొడుకైనా నిలువునా కుంగిపోతాడు. ఆమెకు కళ్లు బాగానే కనిపిస్తుంటాయి. కొడుకు పేరు, చదివిన బడి, చిన్నప్పుడు గోడెక్కి పడ్డ సంగతి... అన్నీ గుర్తే. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం వాడి వేషంలో వచ్చిన మరెవరో! ఇది మామూలు మతిమరుపు కాదు. వైద్యులు దీన్ని ‘కాప్‌గ్రా భ్రాంతి’ అంటారు.

1923లో ఫ్రాన్స్‌కి చెందిన మానసిక వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రా తన సహచరుడితో కలిసి ఓ మహిళ కథను లోకానికి చెప్పాడు. భర్తనూ పిల్లల్నీ ఎవరో ఎత్తుకుపోయి, వాళ్ల స్థానంలో నకిలీలను పెట్టారని ఆమె నమ్మకం. అప్పట్నుంచీ ఈ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. మనసులో అణచుకున్న కోరికలే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. మరి పెంచుకున్న కుక్క కూడా మారిపోయిందన్న రోగులున్నారే! అక్కడ ఆ వాదన నిలవదు.

ముఖం ఒకటి... మనసు ఒకటి

ముడి విప్పడంలో మనకు దగ్గరివాడే సాయపడ్డాడు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని శాన్‌డియాగోలో స్థిరపడిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ దగ్గరికి ఓ యువకుడు వచ్చాడు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మూడు వారాలు కోమాలో ఉండి బయటపడ్డవాడు. చదవగలడు, మాట్లాడగలడు. కన్నవాళ్లను చూస్తే మాత్రం ‘వీళ్లెవరో మోసగాళ్లు’ అనేవాడు. చిత్రమేమిటంటే, అదే తండ్రి ఫోన్ చేస్తే ఏ అనుమానం లేకుండా ‘నాన్నా’ అని మాట్లాడేవాడు!

మనం ఒక ముఖాన్ని చూడగానే మెదడులో రెండు పనులు జరుగుతాయి. ఈ ముఖం ఎవరిదో కణత లోపలి అడుగు భాగం పోల్చుకుంటుంది. ఆ కబురు అమిగ్డలా అనే బాదంగింజంత భాగానికి చేరితే, ‘మనవాళ్లు’ అన్న ఆప్యాయత పుడుతుంది. అలా మనసు కదిలినప్పుడు అరచేతుల్లో మనకు తెలియకుండానే సన్నగా చెమట పడుతుంది. దాన్ని పరికరంతో కొలవొచ్చు. ఆ యువకుడికి తల్లిదండ్రుల ఫొటోలు చూపిస్తే చెయ్యి చెమర్చనేలేదు. ముఖం అమ్మదే, కానీ అమ్మను చూసినట్టు లేదు... అయితే నకిలీ అయ్యుండాలి! 1997లో వచ్చిన ఈ వివరణ ప్రకారం చెవి నుంచి వెళ్లే దారి వేరు, అది చెడలేదు. అందుకే ఫోన్లో అమ్మ అమ్మే.

దీనికి సరిగ్గా తిరగేసిన జబ్బూ ఉంది. 1947లో జర్మన్ వైద్యుడు బోడామర్ పేరు పెట్టిన ‘ముఖాంధత్వం’. వాళ్లు ఇల్లాలి ముఖాన్ని కూడా పోల్చుకోలేరు, గొంతు విన్నాకే గుర్తుపడతారు. అయినా కొందరిలో తెలిసిన ముఖం చూస్తే చెయ్యి చెమర్చుతుంది!

అయితే అమిగ్డలా కథ ఒక్కటే చాలదు. మనసు కదలనివాళ్లంతా ఇలా నమ్మరు. ‘ఇదెలా సాధ్యం’ అని నిలదీసే నుదుటి వెనక భాగం కూడా దెబ్బతిన్నప్పుడే ఆ వింత ఆలోచన నమ్మకంగా గట్టిపడుతుందని పరిశోధకుల అంచనా.

బాణామతి కాదు

తలదెబ్బలతోపాటు స్కిజోఫ్రెనియాలోనూ, అల్జీమర్స్‌లోనూ, ముఖ్యంగా ‘లెవీ బాడీ’ రకం డిమెన్షియాలోనూ ఇది కనిపిస్తుంది. కనక పెద్దవాళ్లున్న ఇళ్లన్నీ తెలుసుకోవాల్సిన సంగతే. జీడిమెట్లనే తీసుకోండి. ఫ్యాక్టరీల్లో పనికని వయసులో వచ్చినవాళ్ల తలలు ఇప్పుడు నెరిశాయి. షాపూర్‌నగర్, చింతల్ గల్లీల్లో రెండు గదుల ఇంట్లో మూడు తరాలు సర్దుకుంటాయి. అక్కడ అత్తగారు ‘ఇది మా కోడలు కాదు, అన్నంలో ఏదో కలిపింది’ అంటే? ఇరుగుపొరుగు ముందు తప్పు పట్టేది కోడల్నే. ఈ భ్రాంతి ఎక్కువగా గురిపెట్టేది దగ్గరుండి సేవ చేసేవాళ్లనే అని వాళ్లకెలా తెలుస్తుంది! ‘గాలి సోకింది’, ‘బాణామతి చేశారు’ అన్న మాట పుడితే ఇక అంతే. ఆ అనుమానంతో తెలంగాణ పల్లెల్లో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

డిమెన్షియా మీద మన ఊళ్లోనే పెద్ద పరిశోధన జరిగింది. పంజాగుట్టలోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ అంతే. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే జీడిమెట్లకు తీపి కబురే, కాకపోతే ఆలస్యం అంటే రాదని కాదు.

వస్తే ఏం చేయాలి? ‘నేనే అమ్మా, సరిగ్గా చూడు’ అని వాదిస్తే పంతం పెరుగుతుంది. ‘భయంగా ఉందా? నేనిక్కడే ఉంటాను’ అంటే చాలు. కాసేపు పక్కకెళ్లి, ముఖం చూపించకుండా గొంతు వినిపించి చూడండి. కొందరి విషయంలో అది పనిచేస్తుంది. అన్నం పెట్టే పనిని కొన్నాళ్లు మరొకరికి అప్పగించొచ్చు. నకిలీ అనుకున్న మనిషి మీద చెయ్యెత్తే ప్రమాదమూ ఉంది, కత్తిపీటలు అందకుండా పెట్టడం మంచిది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఇలా మాట్లాడితే మూత్రంలో ఇన్ఫెక్షనో, కొత్త మందో, పక్షవాతమో కారణం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

మెడికల్ షాపులో అడిగి మత్తు మాత్రలు వేయడం మాత్రం వద్దు. లెవీ బాడీ రోగులకు కొన్ని మానసిక రోగ మందులు ప్రాణం మీదికి తెస్తాయి. నరాల వైద్యుడో, మానసిక వైద్యుడో చూసి రాయాలి. ‘ఎర్రగడ్డ’ అన్న పేరును తిట్టులా వాడే ఊరు మనది, అక్కడి మానసిక వైద్యశాల గేటు దాటడానికి జంకేవాళ్లే ఎక్కువ. వాళ్లు ముందుగా ఇంటి నుంచే 14416కు ఫోన్ చేయొచ్చు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరిది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.