గంజాయి మందు: చిక్కంతా డోసుతోనే!

గంజాయి మొక్కలో మందు ఉందా? ఉంది. మూర్ఛలో కొన్ని రకాలకు అది పనిచేస్తుందని తేలిపోయింది కూడా. నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాతి ప్రశ్న: రోజూ ఒకే డోసు ఒంట్లోకి చేరేలా చూడటం ఎలా? బిడ్డకు ఫిట్స్ ఆగట్లేదని ఆన్‌లైన్‌లో ‘సీబీడీ ఆయిల్’ వెతికే అమ్మానాన్నలకు ఇది చాలా పెద్ద ప్రశ్న.

ముందు రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. టీహెచ్‌సీ మత్తెక్కిస్తుంది. సీబీడీ మత్తెక్కించదు. రెండూ ఆ మొక్కలోవే.

కలకత్తాలో మొదలై..

1839లో కలకత్తాలో పనిచేస్తున్న డాక్టర్ విలియం ఓషాగ్నెస్సీ గంజాయితో చేసిన టింక్చర్‌ను రోగులకు ఇచ్చి, ఫలితాలు రాసిపెట్టాడు. వాళ్లలో ఫిట్స్‌తో అల్లాడుతున్న ఓ పసిబిడ్డ కూడా ఉంది. ఆ మందు బ్రిటన్, అమెరికాలకూ పాకింది. కానీ ఒక సీసా ఉన్నట్టు ఇంకో సీసా ఉండేది కాదు. ఒకటి బాగా ఘాటు, ఇంకొకటి ఉత్త నీళ్లు! దానికి తోడు చట్టాలూ బిగుసుకున్నాయి. చివరికి 1942లో అమెరికా అధికారిక మందుల జాబితా నుంచి దాన్ని తీసేశారు.

నెయ్యి తింటే డోసు మారుతుంది

ఈ పదార్థాలు నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. మన పేగుల్లో ఉండేదేమో నీళ్లే. పైగా పేగులు పీల్చుకున్న కాస్త మందులోనూ చాలా భాగాన్ని లివర్ ముందే విరిచేస్తుంది. అందుకే మింగిన సీబీడీలో రక్తానికి అందేది చాలా తక్కువ.

నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఇంకోటుంది. కొవ్వు బాగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలో సీబీడీ గరిష్ఠ స్థాయి ఖాళీ కడుపుతో పోలిస్తే దాదాపు 5 రెట్లవుతుంది. అంటే పొద్దున ఏమీ తినకుండా, రాత్రి నెయ్యి కారే బిర్యానీతో వేసుకుంటే చుక్కలు అవే అయినా డోసు వేరే!

పొగ పీల్చితే వెంటనే ఎక్కుతుంది కదా అంటారా? ఎంత ఎక్కిందో లెక్క ఉండదు, ఊపిరితిత్తులకు దెబ్బ. 2019-20లో అమెరికాలో వేపింగ్ వల్ల 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలా కేసుల్లో టీహెచ్‌సీ నూనెలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌నే అనుమానించారు.

లెక్క కుదిరిన మందులు

2018లో అమెరికా ఎఫ్‌డీఏ ‘ఎపిడియోలెక్స్’కి అనుమతి ఇచ్చింది. డ్రావే, లెనాక్స్-గాస్టో అనే మొండి మూర్ఛలకు వాడే మందు ఇది. మనింట్లో ఉండే నువ్వుల నూనెలోనే సీబీడీ కలిపారు. ప్రతి మిల్లీలీటరులో కచ్చితంగా 100 మిల్లీగ్రాములు. పిల్లల బరువును బట్టి సిరంజితో కొలిచి ఇస్తారు. భోజనం విషయంలోనూ రోజూ ఒకే పద్ధతి పాటించమంటారు.

ఇంకోటి ‘సేటివెక్స్’. మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల కండరాలు బిగుసుకుపోయేవాళ్లకు 2010లో బ్రిటన్ అనుమతించిన నోటి స్ప్రే. ఒక్క స్ప్రేలో 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ. ఒక్కో స్ప్రే పెంచుకుంటూ తమకు సరిపడే డోసు దగ్గర ఆగుతారు.

ఇప్పుడు ల్యాబుల్లో నూనెను అతిచిన్న బిందువులుగా విడగొట్టే పని జరుగుతోంది. పాలల్లో వెన్న నలకలు తేలుతుంటాయి చూడండి, అలాగన్నమాట, కాకపోతే ఇంకా సన్నగా. ఇది కుదిరితే ఏం తిన్నామన్నదాని మీద డోసు ఆధారపడటం తగ్గుతుంది.

కొనేముందు..

2017లో అమెరికా పరిశోధకులు ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షించారు. లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ కూడా బయటపడింది. పిల్లాడికి తెలియకుండానే మత్తుమందు పట్టించినట్టే కదా!

మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి దగ్గర పెట్టుకోవడమే నేరం. ఆకుకు మాత్రం ఆ నిర్వచనంలో మినహాయింపు ఉంది కాబట్టి, దాంతో చేసిన ‘విజయ’ మందులు ఆయుర్వేద లైసెన్సుతో వస్తున్నాయి. అలాంటి సీసా చేతికొస్తే నేనైతే మూడు చూస్తాను: మిల్లీలీటరుకు సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు ఉందా? ఏ ఒక్కటి లేకపోయినా పక్కన పెట్టేయాల్సిందే.

ఫిట్స్ మందులు వాడుతున్నవాళ్లు మరీ జాగ్రత్త. సీబీడీకి వాల్‌ప్రోయేట్ తోడైతే లివర్‌కు ముప్పు పెరుగుతుంది, క్లోబజామ్ తోడైతే మగత ఎక్కువవుతుంది. పాత మాత్ర సొంతంగా ఆపొద్దు, కొత్త చుక్క సొంతంగా వేయొద్దు. న్యూరాలజిస్టును అడిగాకే ఏదైనా.