ఇచ్చిపుచ్చుకోవడంలో లెక్క
(ఫాంటసీ లీగులో ఆటగాళ్ళ మార్పిడి గురించి)

నీళ్ళలో ఉన్న గేదెను బేరమాడినట్టు అని మన పెద్దవాళ్ళు ఒక మాట అంటూంటారు. కొమ్ములు తప్ప మరేమీ కనబడని సరుకుకు ధర కట్టడం ఎంత కష్టమో చెప్పే మాట అది. ఏప్రిల్, మే నెలల్లో మన హాస్టలు వరండాలలో జరిగే ఫాంటసీ లీగు బేరాలు చూసినప్పుడల్లా నాకు ఆ గేదె గుర్తుకొస్తుంది. "నీ ఓపెనర్ని ఇవ్వు, నా స్పిన్నర్ని తీసుకో" అని ఒకడంటాడు. రెండోవాడు తల గోక్కుంటాడు. పక్కనున్న నలుగురూ నాలుగు రకాల సలహాలు చెబుతారు. అరగంటలో బేరం కుదిరిపోతుంది. ఎవడు లాభపడ్డాడో తెలిసేసరికి పరీక్షలు నెత్తిమీదికి వస్తాయి.

ఐతే ఈ బేరానికి ఒక లెక్క ఉంది. కూడికలూ తీసివేతలూ వచ్చినవాడెవడైనా ఆ లెక్క వేసుకోవచ్చు. విద్యార్థి మిత్రులకు దాన్ని విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు ఈ ఆట ఏమిటి?

నిజమైన పోటీలలో ఆడే ఆటగాళ్ళను మనం కాగితంమీద ఏరుకుని జట్టు కట్టుకుంటాం. వాళ్ళు మైదానంలో చేసిన పరుగులకూ, తీసిన వికెట్లకూ మన కాగితం జట్టుకు పాయింట్లు వస్తాయి. ఇదే ఫాంటసీ లీగు. దీనికి పురిటిగడ్డ అమెరికా. 1962లో ఓక్లాండ్ రైడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో భాగస్వామి ఐన బిల్ వింకెన్‌బాక్ మిత్రులతో కలిసి దీనికి నియమాలు రాశాడు. మరుసటి సంవత్సరం మొదటి లీగు నడిచింది. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అని గుర్తుంచుకోండి. మనం కాలితో ఆడే ఫుట్‌బాల్‌కు ఇంగ్లండులో ఫాంటసీ ప్రీమియర్ లీగ్ 2002లో మొదలైంది. మన దేశంలో ఐ.పి.ఎల్. వచ్చాక ఈ సరదా క్రికెట్‌కు పట్టుకుంది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో ఒకే ఆటగాణ్ణి ఎంతమందైనా తమ జట్టులో పెట్టుకోవచ్చు. అక్కడ మార్పిడి అనే మాటే లేదు. రెండో పద్ధతిలో ఒక ఆటగాడు ఒక్కడి జట్టులోనే ఉంటాడు. వాడు కావాలంటే వాడి యజమాని దగ్గరికి వెళ్ళి అడగాలి. బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. మాది ఈ రెండో రకం. మేము ఆరుగురం. ఇద్దరు బందరువాళ్ళు, ఇద్దరు గుడివాడ నుంచి రైల్లో వచ్చేవాళ్ళు, ఇద్దరు దివిసీమవాళ్ళు. ఒక్కొక్కరికి పదిహేనుమంది ఆటగాళ్ళు. అందులో పదకొండుగురు ఆడతారు, నలుగురు బెంచి. పరుగుకు ఒకటి, వికెట్టుకు ఇరవై, క్యాచికి పది పాయింట్లు. లెక్కంతా ఒక రెండువందల పేజీల నోటుపుస్తకంలో ఉంటుంది. ఎవరూ ఒక్క పైసా పెట్టరు. ఓడినవాడు అందరికీ బందరు లడ్డూలు కొనిపెట్టాలి, అంతే.

పోయేవాడి స్థానంలో వచ్చేవాడెవడు?

మార్పిడిలో మనవాళ్ళు చూసేది రెండే అంకెలు. "నేనిచ్చేవాడు మ్యాచికి 45 తెస్తున్నాడు, వచ్చేవాడు 35 తెస్తున్నాడు, కనుక పదికి నష్టం" అంటారు. ఇది సగం లెక్క. అసలు చూడవలసింది, వాడు వెళ్ళిపోతే ఆ ఖాళీలో ఎవడు కూర్చుంటాడన్నది.

ఒక ఉదాహరణ చూద్దాం. నా దగ్గర మంచి బ్యాట్స్‌మెన్ అవసరానికి మించి ఉన్నారనుకోండి. బెంచిమీద ఊరికే కూర్చున్నవాడు కూడా మ్యాచికి 32 తేగలడు. కాని నా ఆఖరి బౌలరు తెచ్చేది 15 మాత్రమే. అవతలివాడి సంగతి దీనికి తలకిందులు. వాడి బెంచిమీద 28 తెచ్చే బౌలరున్నాడు, కాని ఆఖరి బ్యాట్స్‌మన్ తెచ్చేది 31. నా 45 వాణ్ణి ఇచ్చి వాడి 35 బౌలర్ని తీసుకున్నాను. ఏమైంది?

నాకు బ్యాటింగులో 45 పోయి 32 వచ్చింది: 13 నష్టం. బౌలింగులో 15 పోయి 35 వచ్చింది: 20 లాభం. నికరం 7 లాభం. అవతలివాడికి బౌలింగులో 35 పోయి 28 వచ్చింది: 7 నష్టం. బ్యాటింగులో 31 పోయి 45 వచ్చింది: 14 లాభం. వాడికీ నికరం 7 లాభమే!

ఇద్దరూ లాభపడడం ఎలా సాధ్యం, ఎవడో ఒకడు మోసపోయి ఉండాలి కదా అని మా గుడివాడ మిత్రుడు వాదించాడు. మోసమేమీ లేదు. ఇంతకుముందు బెంచిమీద ఖాళీగా కూర్చున్న 32, 28 ఇప్పుడు ఆటలోకి వచ్చాయి. ఆడుతూండిన 15, 31 బెంచిమీదికి వెళ్ళాయి. అరవై వచ్చి నలభైయారు వెళితే మిగిలిన పద్నాలుగే ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. ఒకరి ఇంట్లో మూలపడి ఉన్నది ఇంకొకరికి అక్కరకు వచ్చినప్పుడు పుట్టే లాభం ఇది. మంచి మార్పిడి అంటే ఇదే.

నిజం జట్లు కూడా ఈ లెక్కే వేస్తాయి. ఐ.పి.ఎల్.లో 2009లోనే బెంగుళూరు నుంచి జహీర్ ఖాన్ ముంబయికీ, ముంబయి నుంచి రాబిన్ ఉతప్ప బెంగుళూరుకీ మారారు. బౌలరుకు బదులు బ్యాట్స్‌మన్ అన్నమాట. 2025 నవంబరులో ఇంకా పెద్ద మార్పిడి జరిగింది. రాజస్థాన్ తన కెప్టెన్ సంజూ శాంసన్‌ను చెన్నైకి ఇచ్చి, రవీంద్ర జడేజానూ, శామ్ కరన్‌నూ తీసుకుంది. ఆ ఏడాది పట్టికలో చెన్నై అట్టడుగున, రాజస్థాన్ దానికి ఒక మెట్టు పైన ఉన్నాయి. 1981లో పుట్టిన ధోనీ తరువాత వికెట్ల వెనక నిలబడేదెవరన్నది చెన్నై సమస్య. రాజస్థాన్‌కు కీపింగుకు ధ్రువ్ జురెల్ ఉన్నాడు, ఓపెనింగుకు జైస్వాల్, వైభవ్ సూర్యవంశీ ఉన్నారు. అంటే శాంసన్ వెళితే పడే గొయ్యిని పూడ్చే మన్ను వాళ్ళ ఇంట్లోనే ఉంది. శాంసన్ గొప్పవాడా, జడేజా గొప్పవాడా అని రచ్చబండ దగ్గర ఎంతసేపు వాదించినా ఈ విషయం తేలదు.

చదరంగం ఆడేవాళ్ళకు ఇది కొత్త కాదు. బంటుకు ఒకటి, గుర్రానికి మూడు, ఏనుగుకు ఐదు, మంత్రికి తొమ్మిది అని పుస్తకాలలో విలువలుంటాయి. కాని మన గుడివాడలో పుట్టి, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి వంటివారు ఆ అంకెలు చూసి పావులు మార్చుకోరు. బల్లమీద ఆ పావు ఏ గడిలో ఉంది, ఏం పని చేస్తోంది అన్నది చూస్తారు.

మిగిలిన మ్యాచిలు ఎన్ని?

సగటుతో పని అయిపోదు. 45 తెచ్చేవాడి జట్టుకు ఇంక నాలుగు మ్యాచిలే ఉన్నాయనుకోండి, వచ్చేది 180. 35 తెచ్చేవాడి జట్టుకు ఆరున్నాయి, వచ్చేది 210. ఐ.పి.ఎల్.లో ఒక్కొక్క జట్టు లీగు దశలో 14 మ్యాచిలు ఆడుతుంది. ఆ తరువాత నాలుగు జట్లే మిగులుతాయి. కనుక మే నెలలో బేరానికి కూర్చునేవాడు ముందుగా మ్యాచిల పట్టిక దగ్గర పెట్టుకోవాలి.

నిలకడా, దూకుడూ

ఇద్దరు ఆటగాళ్ళున్నారు. ఒకడి నాలుగు మ్యాచిల పాయింట్లు 40, 42, 38, 40. రెండోవాడివి 5, 110, 0, 45. ఇద్దరి సగటూ నలభయ్యే. ఇద్దరూ ఒకటేనా? మీరు పట్టికలో ముందుంటే మొదటివాడే మేలు. వాడు మిమ్మల్ని ముంచడు. మీరు నూటయాభై పాయింట్లు వెనకబడి మూడే మ్యాచిలు మిగిలి ఉంటే రెండోవాణ్ణి తెచ్చుకోండి. నిలకడగా ఆడితే మీరు నిలకడగానే ఓడిపోతారు.

ఈ సంగతి మన రైతులకు మనకంటే బాగా తెలుసు. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరికి మునకను తట్టుకునే గుణం కలిపి 2009లో స్వర్ణ సబ్-1 అనే రకం విడుదల చేశారు. మంచి ఏట రెండింటి దిగుబడీ ఇంచుమించు ఒకటే. తేడా తెలిసేది చేను రెండు వారాలు నీళ్ళలో ఉన్న ఏట. పల్లపు చేను ఉన్నవాడు సగటు దిగుబడితో పాటు ఆ చెడ్డ ఏట ఏం మిగులుతుందో కూడా చూస్తాడు.

ఒకరికి ఇద్దరు

అందరికంటే ఎక్కువమంది పడే గుంట ఇది. "నీ 50 వాణ్ణి ఇవ్వు, 30 చొప్పున తెచ్చే ఇద్దర్ని ఇస్తా" అంటాడు. అరవై ఎక్కడ, యాభై ఎక్కడ! చేతులు కలిపేస్తాం. కాని పదకొండు స్థానాలకు పన్నెండోది పుట్టదు కదా. రెండోవాడికి చోటివ్వడానికి ఇప్పటికే ఆడుతున్న 22 వాణ్ణి కూర్చోబెట్టాలి. అంటే 72 పోయి 60 వచ్చింది: మ్యాచికి 12 నష్టం. అవతలివాడికి ఒక స్థానం ఖాళీ అయింది. ఎవరూ తీసుకోనివాళ్ళలో 20 తెచ్చేవాణ్ణి అందులో కూర్చోబెడితే వాడికి 60 పోయి 70 వచ్చింది. ఆ ఇద్దరూ మీ జట్టులో 10, 15 తెచ్చే రెండు బలహీనమైన స్థానాల్లో కూర్చుని, 50 వాడి చోటుకు బెంచిమీద మంచివాడు ఉంటేనే ఈ బేరానికి ఒప్పుకోండి.

మనసు చేసే గారడీ

లెక్క వచ్చినా మనసు లెక్క వెయ్యనివ్వదు. కాకిపిల్ల కాకికి ముద్దు. మొదటిరోజు మనం ఏరుకున్నవాడు వరసగా నాలుగు సున్నాలు చుట్టినా వాడిమీద మమకారం పోదు. దీనికి ఎదురుగా పొరుగింటి పుల్లకూర రుచి అనే జబ్బు ఇంకొకటుంది. నిన్న రాత్రి అవతలివాడి ఆటగాడు తొంభై కొట్టేసరికి తెల్లారేపాటికి వాడి గుమ్మం ముందు నిలబడతాం. ఒక్క రాత్రి ఆట చూసి కొనేవాడు ఎప్పుడూ ఎక్కువ ధరకే కొంటాడు. కనీసం ఎనిమిది, పది మ్యాచిల లెక్క చూడండి. "ఇంత బాగా ఆడుతున్నవాణ్ణి వీడు ఎందుకు వదులుకుంటున్నాడు?" అని ఒకసారి ప్రశ్నించుకోండి. జవాబు వాడి బెంచిలో కనిపిస్తే బేరం మంచిదే. కనిపించకపోతే అనుమానించవలసిందే.

తెలివి ఎక్కడ ఆగుతుంది, మోసం ఎక్కడ మొదలవుతుంది?

కిందటి సీజనులో మా లీగులో ఒక తగాదా వచ్చింది. దివిసీమ కుర్రవాడొకడు సెలవుకు ఇంటికి బస్సులో వెళుతున్నాడు. సీనియరొకడు ఫోను చేసి ఒక బ్యాట్స్‌మన్‌ను ఇస్తానని, బదులుగా వాడి మేటి బౌలర్ని అడిగాడు. "అతనికి దెబ్బలేమీ లేవు కదా అన్నా?" అని కుర్రవాడు అడిగాడు. "ఢోకా లేదు తమ్ముడూ" అన్నాడు సీనియరు. ఆ బ్యాట్స్‌మన్ వేలికి దెబ్బ తగిలి రెండు వారాలు ఆడడన్న వార్త అప్పటికే అతను చదివేశాడు. కుర్రవాడి ఫోనుకు అవనిగడ్డ దాటాక గాని సిగ్నలు రాలేదు.

రెండు రాత్రులు మెస్సులో ఇదే గొడవ. "పేపరు చదవకపోవడం వాడి తప్పు" అన్నారు ఇద్దరు. నేను చెప్పింది ఇది: ఎక్కువ తెలుసుకోవడం తెలివే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అడగనిదానికి నోరు మూసుకున్నా ఆటలో చెల్లుతుంది. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం మాత్రం మోసం. చివరికి ఆ మార్పిడి రద్దు చేశాం. సీనియరు వారం రోజులు మాతో మాట్లాడలేదు, తరువాత తనే వచ్చి కలిశాడు. అప్పటినుంచి మాకు రెండు నియమాలు. ప్రతి మార్పిడినీ నోటుపుస్తకంలో రాసి ఇరవైనాలుగు గంటలు ఆగాలి. అబద్ధమో, ఇద్దరు కలిసి మూడోవాణ్ణి దెబ్బతీసే కుట్రో ఉంటేనే రద్దు చెయ్యాలి. బేరం తెలివితక్కువది అన్న కారణంతో మాత్రం రద్దు చెయ్యరాదు. తెలివితక్కువ బేరం చేసే హక్కు ప్రతివాడికీ ఉంది.

ఇది వట్టి ఆట కదా, ఇంత పట్టింపు దేనికని కొందరన్నారు. కళ్ళంలో ధాన్యం రాసి పోసుకుని, ఆకాశంలో మబ్బు చూసి గుండె గుభేలుమనే రైతు ఇంట్లో పుట్టినవాళ్ళం మనం. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ఆ తేమ ఎంతుందో చెప్పే మీటరు మాత్రం కొనేవాడి చేతిలోనే ఉంటుంది. సమాచారం ఒకడి దగ్గరే ఉండి, అవసరం రెండోవాడికే ఉన్నప్పుడు బేరం ఎటు మొగ్గుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ బాధ తెలిసినవాళ్ళం హాస్టలు వరండాలో అదే పని చేస్తే ఎలా?

ఇందుకే డబ్బు వద్దంటున్నాను. చట్టమూ వద్దనే అంటోంది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ అదే వర్తింపజేసింది. చట్టం మాట అటుంచినా, డబ్బు పోగొట్టుకున్నవాడు లెక్క చూసి బేరమాడలేడు. ఎలాగైనా రాబట్టుకోవాలన్న ఆత్రంతో ఆడతాడు. ఆత్రగాడికి ఎదురుగా కూర్చున్నవాడికి తెలివితో పనే లేదు.

మిత్రులారా! ఈసారి ఎవరైనా మార్పిడికి పిలిస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పోయేవాడి చోటులో వచ్చేదెవడు? మిగిలిన మ్యాచిలెన్ని? నాకు కావలసింది నిలకడా, దూకుడా? అవతలివాడు ఎందుకు ఇస్తున్నాడు? ఆఖరున అయిదోది కూడా వేసుకోండి: రేపు వాడికి అన్నీ తెలిశాక నాతో మళ్ళీ బేరానికి కూర్చుంటాడా? కూర్చుంటాడనుకుంటే చేతులు కలపండి. లీగు రెండు నెలలే. సహవాసం మూడేళ్ళు ఉంటుంది, ఆ తరువాత కూడా ఉంటుంది.