గేమ్ కొన్నాం సరే.. అది మనదేనా?

సేల్ అనగానే అందరూ ధర చూస్తారు. నేను ముందు చూసేది వేరే: రేపు ఆ కంపెనీ సర్వర్లు ఆపేస్తే గేమ్ ఆడుకోగలనా? 'ద క్రూ' సంగతి తెలుసుగా! ఒక్కరే ఆడాలన్నా దానికి నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. అంతే, డబ్బు పెట్టి కొన్నవాళ్లూ ఆడలేకపోయారు. డిస్క్ దగ్గరున్నా లాభం లేదు.

అందుకే 'ద విచర్ 3' లాంటి కథ ఉన్న గేములైతే జీఓజీలోనే కొంటా. అక్కడ డీఆర్‌ఎం, అంటే కాపీ చేయకుండా వేసే తాళం, ఉండదు. ఇన్‌స్టాలర్‌ని హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే నెట్ లేకున్నా మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఫ్రెండ్స్‌తో ఆడేవైతే వాళ్లంతా ఉండే స్టీమే నయం. పైగా కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల్లోపే ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మన పాత ల్యాప్‌టాప్ ఆ గేమ్‌ని మోస్తుందో లేదో తేలడానికి అంత టైమ్ చాలు!

క్రాస్‌ప్లే అని చూసి మోసపోకండి. ప్లేస్టేషన్‌లో ఉన్నవాళ్లతో పీసీ నుంచి ఆడొచ్చని దానర్థం. అక్కడ కొన్న గేమ్ ఇక్కడికీ వస్తుందని కాదు.

ఎపిక్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చే గేములంటారా? వాటికి తాళం ఉందా లేదా అని చూడను.. తీసేసుకుంటా!